ఎడమచేతి జోడీ

సింగిల్స్‌లో నేను ఏనాడూ రెండో రౌండు దాటలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. మా ఆఫీసులో నా కుర్చీ వెనక గోడకున్న ఫోటోలు చూసి, పింఛను కాగితాల కోసం వచ్చిన జనం కూడా ఏదేదో ఊహించుకుంటారు. జాతీయ ఛాంపియన్ అన్నది నిజమే, కానీ డబుల్స్‌లో. పక్కన ఇంకొకరు ఉంటేనే నేను ఛాంపియన్‌ని. ఎదురుగా ఎంత మొనగత్తె నిలబడినా నాకు భయం వేసేది కాదు. పక్క ఖాళీగా ఉంటే మాత్రం కాళ్ళు ఆడేవి కావు.

ఆ ఫోటోల్లో నా పక్కన ఏడుగురు అమ్మాయిలున్నారు. ఏడుగురూ వేరే వేరే ఊళ్ళవాళ్ళు. ఎనిమిదో ఆమె ఫోటో గోడకు లేదు. అసలు నాకు డబుల్స్ అంటే ఏమిటో తెలిసింది ఆమెతోనే. మేమిద్దరం రాష్ట్ర ఛాంపియన్లమైన రోజు తీసిన ఫోటోని నేనే బీరువాలో చీరల అడుగున పెట్టాను. చూస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆమెకు నేనొక అన్యాయం చేశాను. ఇన్నేళ్ళకు, మొన్న డిసెంబరులో, తప్పయిందని చెప్పి, ఒక్కసారి మళ్ళీ నాతో ఆడమని అడగడానికి వెళ్ళాను.

మాది ఆదోని. నాన్న ఒక జిన్నింగ్ మిల్లు వాళ్ళ క్లబ్బులో మార్కరు. మిల్లు యజమానులు, వాళ్ళ బంధువులు, పత్తి బేరానికి వచ్చిన సేట్లు సాయంత్రాలు టెన్నిస్ ఆడేవారు. వాళ్ళకు బంతులు అందించడం, నెట్టు బిగించడం, ఆడేవాళ్ళు ఒకరు తక్కువైతే తానే రాకెట్టు పట్టుకుని నిలబడడం నాన్న పని. నాన్న ఎంత చక్కగా ఆడినా ఆఖరి గేములో ఓడిపోయేవాడు. అది ఆయన ఉద్యోగంలో భాగమని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అమ్మ కోర్టు అలికేది. మొరం పరిచి, రోలరు లాగి, పైన పేడనీళ్ళు పోసి, మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ చీపురుతో సాపు చేసేది. ఎండకు అది సిమెంటులా బిగిసేది. బంతి దానిమీద ఎగరదు, జారుతుంది. అందుకే మా కాళ్ళు ఎప్పుడూ వంగే ఉండేవి. అమ్మ పుట్టిల్లు కైరుప్పల, ఉగాది మర్నాడు ఊరంతా రెండు జట్లుగా చీలి పిడకలతో కొట్టుకునే ఊరు. "పేడతో కొట్టుకునేవాళ్ళ పిల్లను తెచ్చుకుంటే ఆటస్థలానికి కూడా పేడే పూస్తాంది" అని నాన్న ఎగతాళి చేసేవాడు. "నీ మొహానికి పుయ్యలేదు, సంతోషపడు" అనేది అమ్మ.

పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా కోర్టు ఎవరికీ అక్కర్లేదు. ఆ రెండు గంటలు నాన్న నాకు ఆట నేర్పేవాడు. పదహారేళ్ళు వచ్చేసరికి నేను ఆయన్ని ఓడిస్తున్నాను, ఆయన నిజంగా ఆడినా సరే. కానీ పోటీలకు పోతే ఒంటరిగా గెలిచేదాన్ని కాదు. "నీకు పక్కన మనిషి కావాల. అది నీ స్వభావం" అన్నాడు నాన్న. ఆ మనిషి ఎమ్మిగనూరులో దొరికింది.

అక్కడ కాలేజీ ఆటల పోటీలకు నాన్న నెట్టు కట్టడానికి వెళ్ళాడు. బాల్ బ్యాడ్మింటన్ ఆడుతున్న ఒక అమ్మాయి ఎడమచేత్తో బంతిని ఎక్కడ పెట్టాలంటే అక్కడ పెడుతోందట. నాకంటే ఒక ఏడాది చిన్నది. హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్ళు, ఆదివారం చర్చికి పోయేవాళ్ళు. చిన్నప్పుడు వాళ్ళ అవ్వ ఆమె ఎడమచేతికి గుడ్డపేలిక కట్టి కుడిచేత్తో తినడం నేర్పిందట. తినడం, రాయడం కుడిచేతికి వచ్చాయి. ఆట మాత్రం ఎడమచేతిని వదల్లేదు. నాన్న ఆ హాస్టల్ వార్డెన్ని బతిమాలి ఒప్పించాడు. మర్నాటి నుంచి ఆమె తొలి బస్సుకు ఆదోని రావడం మొదలుపెట్టింది.

ఎడమచేతి మనిషి కుడి కోర్టులో, కుడిచేతి మనిషి ఎడమ కోర్టులో నిలబడితే ఇద్దరి బలమైన చేతులూ మధ్యలోకి వస్తాయి. మామూలు జోడీలకు నడిమి బంతి గండం. నువ్వు కొడతావని నేను, నేను కొడతానని నువ్వు, చివరికి బంతి ఇద్దరి మధ్య నుంచి పోతుంది. మాకు ఆ గండం లేదు. నడిమి బంతి ఎప్పుడైనా ఆమెదే అని నాన్న తీర్పు చెప్పాడు, ఆమె చెయ్యి నాకంటే చురుకు. నాకు మొదట కోపం వచ్చింది. నెలలోపల కోపం పోయి నిశ్చింత వచ్చింది. నా వెనక ఏం జరుగుతోందో చూసుకోనక్కర్లేని నిశ్చింత నాకు జీవితంలో మళ్ళీ దొరకలేదు.

రెండేళ్ళు ఆడాం. జిల్లా, ఆపై రాష్ట్రం. పెద్ద ఊళ్ళ అమ్మాయిలు మా బూట్లు చూసి నవ్వేవాళ్ళు, మొదటి సెట్టు అయ్యాక నవ్వు ఆపేవాళ్ళు. కోర్టులో ఆమె ఎక్కడుందో నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. వాళ్ళది ఏ ఊరని ఎవరైనా అడిగితే మాత్రం "నందవరం అవతల" అనేదాన్ని. ఆ అవతల ఏమిటో నాకు తెలియదు. తెలుసుకోవాలని తోచలేదు.

మా పడమటి పల్లెల్లో పత్తి ఏరడం అయిపోయి, చెరువుల్లో నీళ్ళు అడుగంటగానే ఊళ్ళకు ఊళ్ళు సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే కోతల కాలం. గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి, తట్టాబుట్టా, చాపలు, పొయ్యి సహా లారీ ఎక్కి పోతారు. మళ్ళీ ఉగాది ముందు వస్తారు. ఫలానా మనిషి ఏడి అంటే "సుగ్గికి పోయినాడు" అంటారు. అంతే. ఎక్కడ, ఎప్పుడు వస్తాడు అని ఎవరూ అడగరు. అడిగి చేసేదేమీ ఉండదు కనుక. బడిలో హాజరు పిలిచేటప్పుడు కూడా ఆ మాట చెబితే సారు మారు మాట్లాడకుండా తర్వాతి పేరు పిలుస్తాడు.

మేం రాష్ట్రం గెలిచిన ఏడాది క్రిస్మస్ సెలవులకు ఊరికి వెళ్ళిన ఆమె తిరిగి రాలేదు. నాలుగు రోజులు బస్సు వచ్చే వేళకు చూశాను. ఐదో రోజు వాళ్ళ హాస్టల్ వార్డెన్ ఒక చీటీ పంపింది. అమ్మానాన్నలతో సుగ్గికి పోయింది, ఇది వాళ్ళ మేస్త్రీ సెల్ నంబరు, అవసరమైతే చెయ్యండి అని. మేస్త్రీ అంటే కూలీల గుంపును తీసుకుపోయే మనిషి.

జనవరి చివర్లో జాతీయ పోటీలు. చీటీ నా రాకెట్టు సంచిలో మూడు రోజులుంది. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకున్నాను. మూడో రోజు రాజధాని నుంచి ఆటల సంఘం ఆయన క్లబ్బుకు ఫోన్ చేశాడు. ఒక పెద్దింటి అమ్మాయికి జోడీ లేకుండా పోయిందట. బాగా ఆడుతుంది, దగ్గర మంచి కోచ్ ఉన్నాడు, పేర్లు ఈ సాయంత్రమే ఇవ్వాలి.

"మరి మీ జోడీ?" అని అడిగాడు.

"సుగ్గికి పోయింది సార్" అన్నాను.

"సుగ్గి అంటే ఏ ఊరమ్మా?"

ఊరు కాదని చెప్పొచ్చు. ఒక్క ఫోన్ చేస్తే రేపు బస్సు ఎక్కుతుందని చెప్పొచ్చు. "దూరం సార్" అన్నాను. నాన్న పక్కనే నిలబడి విన్నాడు. విని, నెట్టు బిగించడానికి కోర్టులోకి పోయాడు. అన్యాయం అంటే అదీ. చేతిలో నంబరు పెట్టుకుని చెయ్యలేదు. ఆమె మిరపచేలో ఉంది, సాధన లేదు, ఈ అమ్మాయి సిద్ధంగా ఉంది అని లెక్క వేసుకున్నాను. అప్పటికి ఆ లెక్క నాకు తెలివిగా కనిపించింది.

ఇంకా సిగ్గుపడాల్సింది ఏమిటంటే, గెలిచాం. దేవుడు చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. ఫైనల్లో నడిమి బంతులు నాలుగైదు వదిలేశాను, పక్కన ఆ చెయ్యి ఉందనుకుని. కొత్త అమ్మాయి "ఏమైంది మీకు?" అని విసుక్కుంది. అయినా గెలిచాం. పేపర్లో పేరు పడింది. ఆదోనిలో మిల్లు వాళ్ళు పూలదండ వేశారు. ఆ ఒక్క గెలుపుతో నాకు ఈ ఉద్యోగం వచ్చింది.

ఉగాది ముందు ఆమె వచ్చిందని తెలిసింది. వారం రోజులు తొలి బస్సు వేళకు క్లబ్బు గేటు దగ్గర నిలబడ్డాను. రాలేదు. ఎమ్మిగనూరేం కాశీ కాదు, బస్సెక్కితే గంట దారి. నేను వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. తర్వాత పెళ్ళయిందని విన్నాను. ఆ తర్వాత వినడం మానేశాను.

పదకొండేళ్ళు ఆడాను. జోడీలు మారారు. నాకు మంచి పేరుండేది, ఎవరితోనైనా ఇమిడిపోతానని. ఎవరితోనైనా ఇమిడే మనిషికి తన మనిషంటూ ఒకరు మిగలరని ఆ పేరు పెట్టినవాళ్ళకు తెలియదు. హోటల్లో ఒకే గది ఇచ్చేవాళ్ళు. పక్క మంచం మీద అమ్మాయి వాళ్ళింటికి ఫోన్ చేసి, నాకు రాని భాషలో గంటలకొద్దీ నవ్వేది. నేను గోడవైపు తిరిగి రాకెట్టు పిడికి టేపు చుట్టుకునేదాన్ని. పోటీ అయ్యాక స్టేషన్లో ఎవరి రైలు వాళ్ళది. కప్పు గెలిచి ఇంటికి వచ్చిన రోజులే నాకు మరీ దిక్కులేనట్టు ఉండేది, ఎందుకో. ఓడిపోతే కనీసం ఇద్దరం కలిసి అంపైరును తిట్టుకునేవాళ్ళం.

మోకాలు పోయింది, ఆట పోయింది. నాన్న పోయాడు, అమ్మా పోయింది. పెళ్ళి సంబంధాలు వచ్చినప్పుడు నేను ఏదో ఒక ఊరి పోటీలో ఉండేదాన్ని, పోటీలు అయిపోయేసరికి సంబంధాలు రావడం ఆగిపోయింది. ఇప్పుడు ఆఫీసు, రెండు గదుల క్వార్టరు, ఒక గ్లాసు కొర్రలు వండుకుంటే రెండు పూటలు. ఏడవడం లేదు, ఉన్నది చెబుతున్నాను.

డిసెంబరులో క్లబ్బు వాళ్ళు కబురు చేశారు. పాత కోర్టు తీసేసి కొత్తది వేశారట, నీలం రంగుది. జనవరిలో నాకు సన్మానం చేసి, ఒక సరదా మ్యాచ్ ఆడిస్తారట. "మీ జోడీల్లో ఎవర్నైనా పిలవండి మేడం" అన్నాడు కార్యదర్శి. ఏడుగురి పేర్లూ ఫోన్లో ఉన్నాయి. నా నాలుక మీదికి వచ్చిన పేరు ఎనిమిదో ఆమెది.

ఆ శనివారం ఎమ్మిగనూరు బస్సెక్కాను, అక్కడ నందవరం ఆటో. దార్లో కంది చేలు ఎండిపోయి ఉన్నాయి. ఆమె పేరు చెప్పి అడిగితే ఆటో అతను తల అడ్డంగా ఊపాడు. ఎడమచేతివాటం అనగానే "మా ఎడంసేతి మేస్త్రమ్మ కదా. ముందే సెప్పకూడదా. ఈ పొద్దే పోతాండారు సుగ్గికి" అన్నాడు. తొందరగా వాళ్ళ ఊరికి పోనివ్వమన్నాను.

ఊరి చివర చర్చి ముందు లారీ నిలబడి ఉంది. చాపలు, బిందెలు, టార్పాలిన్ చుట్టలు, కట్టెల పొయ్యిలు ఎక్కిస్తున్నారు. నలభై మంది దాకా ఆడామగా. మధ్యలో చీర కొంగు నడుముకు దోపి, ఎడమచేత్తో మూటలు అందుకుని పైకి విసురుతున్న మనిషిని నేను వెనకనుంచే గుర్తుపట్టాను. ఆ భుజం తిరిగే తీరు మారలేదు. ఆమె నన్ను చూసి చేతిలో మూట కింద పెట్టింది.

"అక్కా, ఏమిట్లా వచ్చినావు? కాలికేమైంది, కుంటుతాండావు?" అంది.

ఒక మూట మీద కూర్చోబెట్టింది. ఎవరో టీ తెచ్చారు. బస్సులో వల్లించుకున్న మాటలన్నీ కలగాపులగమై, ఉన్నపళంగా మొత్తం చెప్పేశాను. చీటీ సంగతి, మూడు రోజులు, సంఘం ఆయన ఫోను, దూరం సార్ అన్న మాట. "నీకు రావాల్సింది నేను తిన్నాను. తప్పయింది" అన్నాను.

ఆమె టీ తాగడం ఆపి నా ముఖం చూసింది. తర్వాత నవ్వింది. వెక్కిరింపు నవ్వు కాదు, చిన్నపిల్ల పోయిన చెప్పు గురించి ఏడిస్తే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"దీనికా ఇంత దూరం వచ్చినావు? నువ్వు ఫోన్ చేసింటే కూడా వచ్చేదాన్ని కాదక్కా."

"మీ అమ్మకు బాగాలేకనా?"

"మా యమ్మకేమి, రాయి మాదిరి ఉండె. హాస్టల్లోనే ఉండు, ఆట ఆడుకోమనె. నేనే లారీ ఎక్కినా."

ఎందుకని అడిగాను. ఆమె లారీవైపు తిరిగి ఒకడికి తాడు ఇంకా బిగించమని చెప్పి, మళ్ళీ నావైపు తిరిగింది.

"ఆడ మిరప సాలులో కూసుంటే ఈ పక్కొకరు, ఆ పక్కొకరు. తిట్టుకుంటాం, పాడుకుంటాం, ఒకరి తల ఒకరం దువ్వుకుంటాం. సుగ్గి సుకమని సెప్పను, సేతులు మండుతాయి, కండ్లు మండుతాయి. కానీ మనిసినని తెలుస్తాది. మీ కాడ ఏముండె? నాలుగ్గంటలకు లేసి బస్సెక్కితే, ఆడుకొని, మళ్ళా బస్సు. రెండేండ్లు వచ్చినా గదా, ఎట్ల వస్తాండావు, ఏం తిని వస్తాండావని నువ్వు ఒక్కనాడు అడగలే."

"నేను నీ పక్కనే ఉన్నా కదమ్మా" అన్నాను.

"కోర్టులో ఉంటివి. గీత దాటి బయటికొస్తే నువ్వెవరో నేనెవరో. మీ యమ్మ సద్దిరొట్టె పెడుతుండె, కాదనను. తిన్న పళ్ళెం నేనే కడిగి కాంపౌండు గోడ మీద బోర్లించి పోవాల. దాన్ని ఇంట్లోకి తీసుకపోతాంటిరా?"

తీసుకుపోయేవాళ్ళం కాదు. ఆ పళ్ళెం గోడ మీదే ఉండేది, వానకు తడిసేది, మళ్ళీ మర్నాడు దాంట్లోనే. నాకది ఆమె మర్యాద అనిపించేది, తన పళ్ళెం తానే కడుక్కుంటుందని. మేమూ పేదవాళ్ళమే, మిల్లు వాళ్ళు మా నాన్నను వరండా దాటనిచ్చేవాళ్ళు కాదు, ఆ సంగతి చెప్పి నేను ఎంతోమంది దగ్గర బాధపడ్డాను. మా గోడ సంగతి నాకు తట్టనే లేదు.

"బాద పడొద్దు అక్కా. నీ మింద కోపం లేదు. ఉంటే సెప్పేదాన్ని" అంది.

కోపం ఉంటే బాగుండేది. ఇన్నేళ్ళూ నేను ఒక జోడీని విడగొట్టాననుకుని కుమిలిపోయాను. ఆమె నాకంటే ముందే అందులోంచి తప్పుకుంది. నేను ఫోన్ చెయ్యకపోవడం ఆమెకు తెలియనే తెలియదు, తెలియాల్సిన అవసరమూ పడలేదు. అయినా వచ్చిన పని అడిగేశాను, సిగ్గు విడిచి. జనవరిలో ఒక్క మ్యాచ్, వచ్చి నా పక్కన నిలబడమన్నాను. ఖర్చులు, కారు, ఏదైనా నేను చూసుకుంటానన్నాను.

"ఆ పొద్దుకు మేము మిరపచేలల్లో ఉంటాం. మేస్త్రీ గుంపు ఇడిసిపెట్టి వస్తే పిల్లోల్లను ఎవరు సూస్తారు? ఉగాదికే మళ్ళా" అంది. అంటూనే లేచింది. డ్రైవరు హారన్ కొట్టాడు. నా భుజం మీద ఎడమచెయ్యి వేసి ఒకసారి నొక్కి, లారీ వెనక పలక మీద కాలు పెట్టి పైకెక్కింది. నడివయసులో కూడా ఆ ఎక్కడంలో ఎక్కడా తడబాటు లేదు.

పైన మూటల మధ్య కూర్చున్న ఒక ముసలామె నన్ను చూపించి అడిగింది, "ఎవరమ్మే ఆయమ్మ?"

నేను లారీ పలక దగ్గరికి జరిగాను. ఆ జవాబు కోసమే వచ్చినట్టు.

"ఆదోని అక్క" అంది ఆమె, తాడు సర్దుకుంటూ. "సదువుకునేటప్పుడు వాళ్ళ కోర్టులో ఆడుకుంటాంటిని."

జోడీ అనలేదు. మేమిద్దరం అని కూడా అనలేదు. వాళ్ళ కోర్టు అంది. అది మాది కాదని మా నాన్న చచ్చేదాకా అన్నాడు. మా అమ్మ మోకాళ్ళు అరిగేలా అలికింది, ఆ గీతల లోపల ఒక్క సాయంత్రం కూడా కాలు పెట్టలేదు. కానీ ఆమెకు అది మాదే. నేను ఆమె పక్కన నిలబడ్డానని అనుకున్న రెండేళ్ళూ ఆమె మా ఇంటికి వచ్చి పోయింది, అంతే.

లారీ మట్టి లేపుకుంటూ కదిలింది. ఎవరో పాట ఎత్తుకున్నారు, నలభై గొంతులూ అందుకున్నాయి. వాటిలో ఆమె గొంతు ఏదో నేను పట్టుకోలేకపోయాను. రెండేళ్ళలో ఆమె పాడడం నేను ఎప్పుడూ వినలేదు.

రోడ్డు మీద ఎమ్మిగనూరు ఆటో నిండడం కోసం ఆగి ఉంది. ఎక్కి కూర్చున్నాను. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇంగెవరన్నా వస్తారా మ్మా, మీ వాళ్ళు?" అని అడిగాడు.

లేదు, ఒక్కదాన్నే అన్నాను.